చింతచెట్టు ఒక్కటే చాలదు

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే మా వైపు వాళ్ల ఫోన్లలో ఒకే రకం వీడియో తిరుగుతుంది. చింతచెట్టు నిండా తెల్లటి పెద్ద పక్షులు, వెనకాల ఏదో సినిమా పాట, కింద ఒక క్యాప్షన్: 'సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మన వీరాపురం వచ్చిన అతిథులు'. మా ఫ్యామిలీ గ్రూపులో ఇది ఏటా కనీసం నాలుగుసార్లు వస్తుంది. దాని కింద అందరూ దండాలు, గులాబీలు పెడతారు.

వీరాపురం తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉండే పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా ఇళ్లల్లో ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే అంటారు. పక్కనే లేపాక్షి. రాముడు జటాయువును చూసి 'లే పక్షీ' అన్నాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడ చెప్తారు. అక్కడి కథలోని పక్షిని చూడటానికి బస్సుల్లో జనం వస్తారు. వీరాపురంలో మాత్రం ప్రాణమున్న పక్షులే ఏటా ఊళ్లోకి వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వానాకాలం మొదలయ్యాక వెళ్లిపోతాయి.

వీటిని ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు. తెలుగులో ఎర్రకాళ్ల కొంగ. దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది. పసుపు రంగు ముక్కు, వెంట్రుక లేని నారింజ రంగు తల, ఛాతీ మీద నలుపు తెలుపు పట్టీ, తోక దగ్గర ఎవరో బ్రష్‌తో పూసినట్టు గులాబీ రంగు. పిల్లకు ఈ రంగులేవీ ఉండవు, బూడిద గోధుమ కలిసిన రంగులో మురికిగా ఉంటుంది.

ఆ క్యాప్షన్‌లో ఒకే ఒక్క మాట తప్పు. సైబీరియా.

ఎర్రకాళ్ల కొంగకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. అది మన దేశం, శ్రీలంక, ఆ తూర్పున ఆగ్నేయాసియా దాకా ఉండే పక్షి. నిజంగా సైబీరియా నుంచి వచ్చే కొంగ వేరే ఉంది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు చలికాలంలో వచ్చేది. 2002 తర్వాత అక్కడ ఎవరికీ కనిపించలేదు. మన ఎర్రకాళ్ల కొంగ అంత దూరం పోదు. ఇక్కడ నీళ్లు తగ్గితే ఇంకో చెరువుకు, అక్కడా తగ్గితే ఇంకో జిల్లాకు, పక్క రాష్ట్రానికి. అంతే. మన పల్లెల్లో వాన రాక, పనిలేక బెంగళూరు పోయే వాళ్లలాగే అది కూడా వలస పోతుంది. కానీ ఇల్లు మాత్రం ఈ పీఠభూమే.

ఒక్క మాట తప్పయితే ఏమైంది, అందరూ ప్రేమగానే పెడుతున్నారు కదా అని మీరు అడగొచ్చు. ప్రేమ దగ్గర నాకు ఇబ్బంది లేదు. 'అతిథి' అన్న మాట దగ్గరే ఇబ్బంది. అతిథి వస్తే మంచం వేస్తాం, నాలుగు రోజులు బాగా చూసుకుంటాం, పంపిస్తాం. అతను మిగతా సంవత్సరమంతా ఏం తింటున్నాడు, ఎక్కడ ఉంటున్నాడు అన్నది మన బాధ్యత కాదు. ఇంటి మనిషి అయితే అట్లా కుదరదు. కొంగను అతిథి అనుకున్నన్నాళ్లూ మనకు గూడు కట్టిన చెట్టు మాత్రమే కనిపిస్తుంది. అది తిండి తినే చెరువు కనిపించదు.

ముందు చెట్టు సంగతే చెప్తాను, ఎందుకంటే ఆ ఊరివాళ్లు చేసేది చిన్న పని కాదు. చెట్టు నిండా గూళ్లుంటే కింద ఎట్లా ఉంటుందో వీడియోలో కనపడదు. వాసన ఉంటుంది. రెట్టలు పెంకుల మీద, ఆరేసిన బట్టల మీద, పశువుల మీద పడతాయి. గూట్లోంచి జారిన చేప ముక్కలు వాకిట్లో పడి కుళ్లుతాయి. గాలి వీస్తే పిల్లలు కింద పడతాయి, వాటిని కుక్కల నుంచి కాపాడాలి. చింతపండు కాపు సరిగా చేతికి రాదు. ఇన్ని ఉన్నా చెట్టు కొట్టెయ్యకుండా ఉంచుకోవడం అంటే ఏటా కొంత డబ్బు, కొంత ఓపిక వదులుకోవడం. మా అమ్మమ్మ దీన్ని ఒకే మాటలో చెప్తుంది. "పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడపిల్లను యాడన్నా ఎల్లగొడ్తారా నాయనా?"

ఆ మాట విన్నప్పుడు నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. సరే, కాన్పుకొచ్చిన పిల్లకు మంచం వేశాం. పథ్యం ఎవరు పెడతారు?

ఎర్రకాళ్ల కొంగ తినే పద్ధతి చాలా విచిత్రంగా ఉంటుంది. చేపను చూసి పొడవదు. లోతు లేని నీళ్లలో నిలబడి, ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కాలితో బురదను కదిలిస్తుంది. కదిలిన చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. మన భాషలో చెప్పాలంటే కెమెరా లేదు, టచ్ సెన్సర్ మాత్రమే ఉంది. అందుకే నీళ్లు బురదగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. కానీ రెండు షరతులు ఉన్నాయి. నీళ్లు దాని కాళ్లు ఆనేంత లోతే ఉండాలి, అంటే సుమారు జానెడు. ఆ జానెడు నీళ్లలో చేపలు ఒత్తుగా ఉండాలి. పది అడుగుల నీళ్లున్న చెరువు మధ్యలో ఎన్ని వేల చేపలున్నా కొంగకు అది మూసేసిన హోటల్‌తో సమానం.

దీన్ని బట్టి అది మన దగ్గరికి ఎండాకాలం ముందు ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ చాలావరకు జూన్ నుంచి నవంబర్ మధ్యలోనే. ఆ నీళ్లు చెరువుల్లో చేరి, జనవరి నుంచి మెల్లగా తగ్గుతాయి. చెరువు తగ్గే కొద్దీ చేపలన్నీ తక్కువ నీళ్లలోకి చేరతాయి. మనకు చెరువు ఎండుతోందన్న దిగులు మొదలయ్యే రోజులే కొంగకు పండగ రోజులు. గుడ్లు పొదగడానికి దాదాపు నెల, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఫిబ్రవరిలో గుడ్డు పెడితే పిల్ల రెక్క విప్పేసరికి మే నెల. అంటే ప్రతి జంటా మన ఎండతో పందెం వేస్తోంది: చెరువు తగ్గాలి, కానీ పిల్ల ఎగిరేదాకా పూర్తిగా ఎండకూడదు.

ఇంకో విషయం. గూట్లో పిల్ల లేనప్పుడు కొంగ ఎక్కడికైనా పోవచ్చు. పిల్ల ఉన్నప్పుడు దాని కాలికి కనిపించని తాడు ఒకటి కట్టేసి ఉంటుంది. ఆ తాడు పొడవు పిల్ల ఎంతసేపు ఆకలికి ఓర్చుకోగలదో అంత. ఏప్రిల్ ఎండలో తల్లో తండ్రో ఒకరు గూట్లో రెక్కలు చాపి పిల్లకు నీడ పట్టాలి, ఇంకొకరు పోయి చేపలు తెచ్చి కక్కి పెట్టాలి. వంద కిలోమీటర్ల అవతల మంచి చెరువు ఉన్నా ఆ మూడు నెలలు అది పనికిరాదు. చుట్టుపక్కల ఉన్న నాలుగు చెరువులే దాని ప్రపంచం.

ఆ నాలుగు చెరువుల్లాంటి చెరువు ఒకటి మా మేనమామది. 'మామది' అంటే సొంతం కాదు. వీరాపురానికి మరీ దూరం కాని ఒక ఊళ్లో (పేరు రాయను, ఆయన నన్ను ఇంటికి రానివ్వడు) ఆయన, ఇంకో ముగ్గురు కలిసి చెరువులో చేపల పాట పాడుకున్నారు. వాన పడి చెరువుకు నీళ్లొచ్చిన ఏడాది బొచ్చ, శీలావతి పిల్లలు తెచ్చి వదుల్తారు. ఎండాకాలంలో పట్టి అమ్ముతారు. నీళ్లు రాని ఏడాది పాట డబ్బు మట్టిలో పోసినట్టే. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను వెళ్లినప్పుడు మామ కట్ట మీద కూర్చుని ఖాళీ నూనె డబ్బాను కట్టెతో కొడుతున్నాడు. అవతలి ఒడ్డున ముప్పై దాకా ఎర్రకాళ్ల కొంగలు. డబ్బా మోగినప్పుడు లేస్తాయి, ఒక రౌండ్ కొట్టి మళ్లీ అక్కడే వాలతాయి. డబ్బాకు బెదరకపోతే పటాకులు.

"మామా, వాటి పిల్లలు గూట్లో ఉంటాయి ఇప్పుడు" అన్నాను.

"నా పిల్లలు యాడుండారు అల్లుడూ? వాళ్లూ గూట్లోనే ఉండారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ డబ్బా ఆపలేదు.

కాసేపయ్యాక ఆయనే మళ్లీ మొదలుపెట్టాడు. "వీరాపురమోళ్లకు పేపర్లో ఫోటో. ఆఫీసర్లు వస్తారు, శాలువా కప్పుతారు. ఆ కొంగలు తినేది యాడ? నా చెరువులో. చెట్టున్నోనికి దండలు, చెరువున్నోనికి దండగ. ఇదేం న్యాయం చెప్పు, నువ్వు సదువుకున్నోడివి కదా."

నేను ఆయన దగ్గర వాదించాలనే ఉద్దేశంతో వెళ్లాను. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. చేపపిల్లలు వేలెడంత ఉన్నప్పుడు కొంగ వాటిని తింటుంది, అది నిజం. చెరువు అంచుల్లో తిరిగే పరకలు, జెల్లలు కూడా తింటుంది, వాటికి మామ డబ్బు పెట్టలేదు, అదీ నిజం. ఏది ఎంత తింటుందో ఎవరూ లెక్క కట్టి ఆయనకు చెప్పలేదు. ఆయనకు కనిపించేది పాట డబ్బు, పిల్లల ఖర్చు, నీళ్లలో ముక్కు పెట్టిన ముప్పై కొంగలు. వాటిలో ప్రతి ఒక్కటీ ఏ చింతచెట్టు మీదికి పోతోందో ఆయనకు ఎందుకు పట్టాలి?

గూడు ఒకరిది, నీళ్లు ఇంకొకరివి. ఈ సమస్య మా మామకే వచ్చింది కాదని తర్వాత చదివితే తెలిసింది. దక్షిణాఫ్రికా తీరంలో ఆఫ్రికన్ పెంగ్విన్‌లు డాసెన్, రాబెన్ లాంటి దీవుల మీద గుడ్లు పెడతాయి. రాబెన్ అంటే నెల్సన్ మండేలాను ఏళ్ల తరబడి జైల్లో పెట్టిన దీవి. ఆ దీవుల మీద గుడ్లు ఏరుకోవడం ఎప్పుడో ఆపేశారు, కాపలా పెట్టారు. అయినా పెంగ్విన్‌లు తగ్గుతూనే వచ్చాయి. కారణాల్లో పెద్దది దీవి మీద లేదు, దీవి చుట్టూ ఉన్న నీళ్లలో ఉంది. పెంగ్విన్ తినే కవళ్లు, నెత్తళ్లనే పెద్ద వలల పడవలూ పడుతున్నాయి. పిల్లలున్న పెంగ్విన్ కూడా మన కొంగలాగే తాడు కట్టిన పక్షి, గూటికి దూరం పోలేదు. అందుకే 2008 నుంచి కొన్ని దీవుల చుట్టూ 20 కిలోమీటర్ల మేర ఆ చేపల వేటను కొన్నేళ్లు ఆపి, కొన్నేళ్లు వదిలి పరీక్ష చేశారు. ఫలితం ఏమిటన్న దాని మీద సైంటిస్టులు, చేపల కంపెనీలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2024 అక్టోబర్‌లో ఆ పెంగ్విన్‌ను అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. చివరికి పక్షుల సంస్థలు కోర్టుకు వెళ్లాక, 2025 మార్చిలో రెండు వైపుల వాళ్లూ ఒప్పుకున్న ఒప్పందం ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుగా వచ్చింది. ఆరు స్థావరాల చుట్టూ ఏ నీళ్లలో వేట ఆపాలో గీతలు గీశారు. దీవిని కాపాడటం నుంచి దీవి చుట్టూ నీళ్లను కాపాడటం దాకా రావడానికి అంత కాలం పట్టింది.

అంత దూరం పోకుండా మన రాష్ట్రంలోనే చూద్దాం. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మనకు తెలుసు. అది ఒక దీవి. దానికి ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పులికాట్ సరస్సు. అక్కడికి దగ్గర్లో నేలపట్టు చెరువు ఉంది. చెరువు నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కానీ గూడబాతులు తిండి కోసం ఎక్కువగా పులికాట్‌కు పోతాయి. పొద్దున పోయి, గొంతు సంచిలో చేపలు పట్టుకుని పిల్లల దగ్గరికి వస్తాయి. ఇక్కడ అదృష్టం ఏమిటంటే నేలపట్టూ అభయారణ్యమే, పులికాట్ కూడా అభయారణ్యమే. మంచమూ, పథ్యమూ రెండూ కాగితం మీద ఉన్నాయి. అయినా కథ అయిపోలేదు. పులికాట్‌లోకి సముద్రపు నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సరస్సులో చేప తగ్గుతుంది. అప్పుడు పక్షి ఆకలి, జాలరి ఆకలి ఒకటే అవుతాయి. ఆ ముఖద్వారాలు తవ్వమని ముందు అడిగింది జాలర్లే.

నీళ్లను పట్టించుకోకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూపించింది. అక్కడ కూడా పక్షులంటే ఊరికి ప్రాణం. 2021 డిసెంబర్ చివర్లో, 2022 జనవరిలో ఆ ఊరి చెట్ల మీది గూడబాతులు వందకు పైగా చనిపోయాయి. కడుపులో నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు దొరికాయి. అవి తిన్న చేపల ద్వారా లోపలికి వెళ్లాయి. చెట్టు కింద ఎంత కాపలా ఉన్నా చేప లోపల ఉన్న పురుగును ఎవరు ఆపుతారు? చావు ఊళ్లో కనిపించింది, కారణం నీళ్లలో ఉంది.

ఇప్పుడు మళ్లీ అనంతపురానికి వద్దాం. మన చెరువులకు చట్టం ఏమిచ్చింది? నేను ఇంగ్లీష్ మీడియం వాడిని, 'వెట్‌ల్యాండ్' అనే మాట బడిలోనే తెలుసు. 'చిత్తడి నేల' అనే మాట ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నేర్చుకున్నాను. 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నియమాలు చదివితే ఒక చోట ఆగిపోయాను. తాగునీటి కోసం మనిషి కట్టినవి, సాగునీటి కోసం, చేపల పెంపకం కోసం ప్రత్యేకంగా కట్టినవి ఆ నిర్వచనంలోకి రావు. ఉద్దేశం అర్థం చేసుకోగలం. రైతు చెరువు మీద కొత్త ఆంక్షలు పెట్టకూడదు. కానీ మన జిల్లాలో మనిషి కట్టని చెరువు ఎక్కడుంది? అనంతపురం అన్న పేరే అనంతసాగరం అనే చెరువు నుంచి వచ్చిందంటారు. విజయనగర రాజుల కాలం నుంచి ఇక్కడ నీళ్లంటే కట్ట కట్టి ఆపిన నీళ్లే. అంటే కొంగ రోజూ నిలబడే నీళ్లు చట్టం లెక్కలో చిత్తడి నేలే కాదు.

అట్లా అని చెరువుకు ఏ రక్షణా లేదని కాదు. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు ఊరందరి ఆస్తి, వాటిని కాపాడాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. ఆ పేరు విప్పితే నీరు, భూమి, చెట్టు మూడూ ఉన్నాయి. మూడింటినీ ఒకే పేరులో పెట్టిన వాళ్లకు విషయం తెలుసు. కానీ ఆచరణలో చెట్టు అటవీ శాఖది, చెరువు నీటిపారుదల వాళ్లది లేదా పంచాయతీది, చేప మత్స్యశాఖది. కొంగ మాత్రం ఒక్కటే. అది ఒకే రోజు మూడు ఆఫీసులూ తిరిగి వస్తుంది.

నేను కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని, నా చేతిలో ఉన్నది ల్యాప్‌టాప్. అందుకని మామ దగ్గర్నుంచి వచ్చాక ఒక చిన్న పని చేశాను. యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాల ఫోటోలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఒక పిక్సెల్ అంటే నేల మీద పది మీటర్లు. దాదాపు ఐదు రోజులకోసారి అదే చోటి కొత్త ఫోటో వస్తుంది. నీళ్లు ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కి పంపుతాయి, పరారుణ కాంతిని దాదాపు మింగేస్తాయి. ఈ రెండింటి తేడాను, వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె సున్నా పైన ఉంటే చాలావరకు అది నీళ్లు. పైథాన్‌లో పట్టుమని పది లైన్లు. వీరాపురం చుట్టూ పది కిలోమీటర్ల గుండ్రం గీసి, జనవరి నుంచి మే దాకా నెలకొక ఫోటో వరసగా పెట్టి చూశాను.

జనవరిలో మ్యాప్ మీద నీలం చుక్కలు చల్లినట్టు ఉన్నాయి. నెలనెలా ఒక్కో చుక్క చిన్నదవుతూ, కొన్ని మాయమవుతూ వచ్చాయి. మే నెల ఫోటోలో మిగిలినవి కొన్నే. అవి ఎవరి చెరువులు, అక్కడ ఏ మోటరు ఆడుతోంది, ఆ చివరి నీళ్లు ఇంకా ఎన్ని రోజులు ఉంటాయి? గూట్లో ఉన్న పిల్లల బతుకంతా ఆ కొన్ని చుక్కల్లో ఉంది. వీరాపురం గురించి వచ్చిన ఏ వీడియోలోనూ ఆ చెరువుల పేర్లు నేను వినలేదు.

ఈ మ్యాప్ అన్నీ చెప్పదు. నీలం పిక్సెల్ అంటే నీళ్లు ఉన్నాయని మాత్రమే, జానెడు లోతా పది అడుగులా అన్నది చెప్పదు, చేప ఉందో లేదో అసలే చెప్పదు. హంద్రీ-నీవా కాలువ నీళ్లతో నిండిన చెరువు మనిషికి నిజంగా పండగ. కానీ జేసీబీతో పూడిక తీసినప్పుడు అంచులు గోడల్లా నిలువుగా కోస్తే, నీళ్లు ఎన్ని ఉన్నా కొంగ కాలు ఆనదు. ఇట్లాంటివి శాటిలైట్‌కు తెలియవు, డబ్బా కొట్టే మామకు తెలుసు. అందుకే మ్యాప్ పట్టుకుని మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను.

ఈసారి వాదన పెట్టలేదు, లెక్క అడిగాను. చేపపిల్లల్ని వేలెడంత ఉన్నప్పుడు కాకుండా జానెడు పెరిగాక వదిలితే? "కొంగ మింగలేదు, బాగుంటాది. కానీ జానెడు పిల్లకు రేటు ఎక్కువ, ఎవుడిస్తాడు?" పూడిక తీసేటప్పుడు ఒక వైపు అంచును వాలుగా వదిలితే? "వదలొచ్చు, పశువులు దిగేకి గూడా బాగుంటాది." మే చివరిదాకా ఆ చివరి గుంట నీళ్లను మోటరు పెట్టి లాగకుండా ఉంటే? దీనికి మాత్రం ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ గుంట నీళ్లు ఆరిపోతేనే చేపలు మొత్తం చేతికొస్తాయి. "పాటలో తగ్గిస్తే వదుల్తా" అన్నాడు చివరికి. "ఊరికే వదలమంటే నావల్ల కాదు అల్లుడూ."

ఇది అత్యాశ అని నాకు అనిపించలేదు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో కూడా ఇవే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. చింతకాయ నష్టపోయే చెట్టు యజమానులకు అక్కడి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించారు. చెట్టుకు ఇవ్వగలిగిన పరిహారం చెరువుకు ఎందుకు ఇవ్వకూడదు? పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. కొంగలు గూడు కట్టిన ఏడాది, చుట్టుపక్కల ఎంచుకున్న కొన్ని చెరువుల్లో పాట డబ్బు కొంత తగ్గించడం, దానికి బదులు చివరి జానెడు నీళ్లను మే దాకా వదిలేయడం. తగ్గించిన డబ్బు ఎంతో పంచాయతీ పుస్తకంలో రాయొచ్చు. ఆ నీళ్లు నిజంగా ఉన్నాయో లేదో ఐదు రోజులకోసారి శాటిలైట్ ఉచితంగా చూపిస్తుంది. చూసే పని మనలాంటి వాళ్లం చేయొచ్చు.

మామ ఇంకా డబ్బా కొడుతూనే ఉన్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. పక్షి మీద ఊరంతా చూపించే ప్రేమకు బిల్లు ఒక్కడికే పంపిస్తే ఎవరైనా డబ్బానే కొడతారు. వీరాపురం చింతచెట్లను కాపాడింది చట్టం కాదు, తమ వాకిలి మురికైనా ఓర్చుకున్న మనుషులు. చెరువులను కూడా చివరికి మనుషులే కాపాడాలి. కానీ చెట్టు దగ్గర ఓపిక పట్టినవాడికి కనీసం పేరైనా వచ్చింది. చెరువు దగ్గర ఓపిక పట్టమని అడిగేటప్పుడు ఆ పేరు, ఆ పైసా రెండూ పట్టుకుని వెళ్లాలి.

మీలో ఎవరైనా వచ్చే ఫిబ్రవరిలో లేపాక్షి ట్రిప్ వేస్తే, అట్లనే వీరాపురం కూడా వెళ్లి రండి. గూళ్ల కింద గోల చేయకండి, డ్రోన్ ఎగరేయకండి. ఫోటోలు తీసుకున్నాక ఒక్క పది నిమిషాలు ఎక్కువ ఉండండి. గూట్లోంచి లేచిన కొంగ ఏ దిక్కుకు పోతోందో చూడండి. ఊళ్లో ఎవరినైనా అడిగితే ఆ వైపు ఏ చెరువు ఉందో చెప్తారు. క్యాప్షన్‌లో సైబీరియా బదులు ఆ చెరువు పేరు రాయండి.